కాకిబంగారపు కిటికీ

టీవీలో అంతరిక్ష సాహసాల ధారావాహిక మొదలైతే ఇంట్లో మిగతావాళ్ళు ఓడ వేగాన్నీ, దాని ఆయుధాలనూ చూస్తారు. నేను ఓడ ఎక్కినవాళ్ళను లెక్కపెడతాను. మొదటి భాగంలో ఎక్కిన మనిషి నాలుగో భాగం దాకా కనిపించకపోతే, ఎందుకు కనిపించలేదో ఎవరూ చెప్పకపోతే, ఆ కథ మీద నాకు నమ్మకం సడలిపోతుంది. గాలి లేని చోట పేలుడు చప్పుడు వినిపించడంకంటే ఇది పెద్ద దోషమని నా అభిప్రాయం. భౌతికశాస్త్రం చదువుకొని, జీవితమంతా తనిఖీ ఉద్యోగం చేసినవాడు ఇలా అనడం వింతగా తోచవచ్చు. ఈ కొలమానం నేను కనిపెట్టింది కాదు. అరవైల తొలినాళ్ళలో ఒక మైకా షెడ్డులో, కుడిచేతి బొటనవేలు వంగని ఒక స్త్రీ దగ్గర నేర్చుకున్నది.

ఆ షెడ్డు నెల్లూరుకు దక్షిణంగా, రైలుకట్టకూ సముద్రానికీ నడుమ ఉండేది. చిన్నప్పుడు కాకిబంగారం అని మేం ఏరుకొని జేబుల్లో వేసుకున్న మెరుపురాయే మైకా. గనుల నుంచి దిమ్మలుగా వచ్చిన దాన్ని అక్కడ పలుచని రేకులుగా విడదీసి, అంచులు కత్తిరించి, మచ్చలను బట్టి రకాలుగా ఏరి, చెక్కపెట్టెల్లో సర్ది పై దేశాలకు పంపేవారు. రేడియోల్లో, విద్యుత్ యంత్రాల్లో కరెంటు దారి తప్పకుండా అడ్డుగా ఆ రేకులు పెడతారు. సరిగా ఏరారో లేదో చూడటం నా ఉద్యోగం. కోవూరులో పొద్దున్నే బస్సెక్కి, పెన్న దాటి, నెల్లూరులో బస్సు మారి వచ్చేవాణ్ణి. ఒక భూతద్దం, ఒక కొలబద్ద, ఒక నోటుపుస్తకం నా సరంజామా.

షెడ్డులో ముప్పైమంది స్త్రీలు ఉత్తరపు కిటికీలకు ఎదురుగా వరుసలు కట్టి కూర్చునేవారు. ఉత్తరపు వెలుగు రోజంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రేకును దానికి అడ్డంగా పట్టి చూస్తే మచ్చ దాగదు. మధ్యాహ్నం సముద్రపుగాలి లేచేసరికి తూర్పు తలుపులు మూసేవారు. మూయడం ఆలస్యమైతే రేకులు చేపపొలుసుల్లా షెడ్డంతా ఎగిరి జుట్టులో, అన్నం గిన్నెల్లో తేలేవి. పనివేళల్లో మాట్లాడకూడదన్నది మేనేజరు పెట్టిన నిబంధన. చదివి వినిపించడం మాత్రం నిషేధం కాదు. మాట్లాడుతుంటే చేతులు ఆగుతాయనీ, వింటుంటే ఆగవనీ ఆయన స్వయంగా గమనించాడు. అయితే అచ్చులో ఉన్నదే చదవాలి. నోటికొచ్చింది చెప్పడానికి వీల్లేదు.

చదివే ఆవిడను అందరూ చదువులక్క అనేవారు. నలభైకి దగ్గర వయసు. భర్త బజారులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఎనిమిదో తరగతి దాకా బడికి వెళ్ళినా, తెలుగు చదివితే ఒక్క అక్షరం తడబడేది కాదు. రంజాన్ ఉపవాసాల్లో గొంతు ఎండిపోతుంటే, ఈ నెల చదవొద్దక్కా అని మిగతావాళ్ళు బతిమాలితే, "చదవకపోతేనే ఆకలి గుర్తొస్తాది" అని చదివింది. కొన్నేళ్ళ క్రితం రేకులు విడదీసే కత్తి దిగి ఆవిడ కుడి బొటనవేలు బిగుసుకుపోయింది. ఆ వేలితో రోజుకు చేయవలసిన తూకం తేలదు. అందుకని పనివాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి మనిషీ తన తట్టలోంచి పిడికెడు రేకులు తీసి ఆవిడ తట్టలో వేస్తుంది, ఆవిడ చదువుతుంది. దానికి చదువు పిడికెడని పేరు. సాయంత్రం కాటా దగ్గర ఆవిడ తట్ట మిగతా తట్టలతో సమంగా తూగేది. మేనేజరుకు ఇది తెలుసు. మొత్తం తూకం తగ్గలేదు కనుక ఊరుకున్నాడు. ఆయన చదువు వద్దన్ననాడు పిడికెడూ ఆగుతుంది, ఆవిడకు షెడ్డులో చోటూ పోతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

ఆ రోజుల్లో ఆకాశం వార్తల్లో ఉండేది. మనిషి చేసిన ఉపగ్రహం ఒకటి భూమి చుట్టూ తిరిగింది, కొన్నేళ్ళకు మనిషే తిరిగి వచ్చాడు. వారపత్రికలవాళ్ళకు అది చాలు. ఒక పత్రికలో, అంగారకుడికి ఓడలో బయలుదేరిన ఏడుగురి కథ ధారావాహికగా మొదలైంది. శనివారం మధ్యాహ్నం, తూర్పు తలుపులు మూశాక, చదువులక్క దాన్ని చదివేది.

నేను నోటుపుస్తకం వెనక పేజీల్లో ఆ కథ తప్పులు రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి వారం, దూరాన ఉల్కలు ఢీకొన్న చప్పుడు ఓడలో వినిపించింది. నడుమ గాలి లేదు, చప్పుడెలా చేరింది? రెండో వారం, పదకొండు రోజుల్లో చేరతామని నాయకుడు ప్రకటించాడు. అంగారకుడు మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడే మూడున్నర కోట్ల మైళ్ళు. దారి తిన్నగా ఉందనుకున్నా గంటకు లక్షా ముప్పైవేల మైళ్ళ వేగం కావాలి, పైగా దారి తిన్నగా ఉండదు. మూడో వారం, యంత్రాలు ఆపేశాక కూడా అందరూ నేల మీద కాళ్ళానించి నడుస్తున్నారు. తేలాలి. మూడు వారాలకు రెండు పేజీలు నిండాయి.

నాలుగో వారం నుంచి నా రాత తగ్గింది. శాస్త్రం పూర్తిగా బాగుపడిందని కాదు. రచయితకు ఉన్నట్టుండి కథ చెప్పడం వచ్చినట్టయింది. ఉపన్యాసాలిచ్చే నాయకుడు వెనక్కి తగ్గి, ఓడను బాగుచేసే ముసలి మేస్త్రీ ముందుకొచ్చాడు. మిగిలిన ఆరుగురూ ఆకాశం చూడటానికి కిటికీ దగ్గరకు ఎగబడితే ఆయన మాత్రం గోడకు చెవి ఆనించి కూర్చుంటాడు. చూడటానికి మీరున్నారు, వినడానికి నేనున్నాను అంటాడు. ఐదో వారంలో ఒకడు బద్ధకించి ఒక మరను సగమే బిగించాడు. ఏమీ కాలేదు. మేమంతా మరిచిపోయాం. తొమ్మిదో వారంలో ఆ మరే ఊడింది. తప్పును అంత ఓపికగా దాచిపెట్టి, అది పండేదాకా వేచి ఉండగల రచయితను నేను అంతకుముందు చదవలేదు. భాగాల ముగింపు మరీ బాగుండేది. ప్రమాదం అంచున ఆపేసి ఊరించడం లేదు. అందరూ అన్నానికి కూర్చున్నారు, ఒక పళ్ళెం ఖాళీగా ఉంది, వంటామె తల తిప్పి చూసింది. అక్కడ ఆగేది. ఆ పళ్ళెం మనిషి ఏమయ్యాడోనని వారమంతా షెడ్డు షెడ్డే మథనపడేది.

మంచినీళ్ళ పంపకం దగ్గర ఓడలో గొడవ వచ్చిన వారం, విడవలూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఒకామె నిబంధన మరిచి గట్టిగానే అంది.

"మా అన్నోళ్ళు రెండు రోజులు సముద్రం మీదికి పోతేనే నీళ్ళ కుండకాడ తిట్టుకుంటారు. ఈ రాసినాయన యాడో పడవెక్కినోడేమే!"

"నువ్వు నోరు మూసుకోకుంటే మేనేజరు నిన్నూ ఎక్కిస్తాడు," అంది పక్కామె.

మధ్యాహ్నం అన్నాల వేళ చదువులక్క అప్పుడప్పుడు నా బల్ల దగ్గరకు వచ్చి సందేహాలడిగేది. కథ వింటున్నవాళ్ళకు సందేహాలు రావడం సహజమనుకున్నాను.

"సారూ, అంత పైన గిన్నెలో నీళ్ళు ఒలికితే ఏమవతాయి?"

"ఒలకవమ్మా. ముద్దకట్టి గుండ్రంగా తేలతాయి."

"చేత్తో పట్టుకోవచ్చునా?"

"తాకితే చేతికి అంటుకొని పాకుతాయి."

రెండు వారాల తరువాత కథలో వంటామె చేతిలోంచి చారు జారి, ముద్దకట్టి, ఓడంతా తేలింది. ఆమె గరిటె పట్టుకొని దాన్ని తరమడం విని షెడ్డు పగలబడి నవ్వింది. నోటుపుస్తకంలో నేను ఇలా రాసుకున్నాను: "సరైనది. రచయితకు విషయం తెలుసు."

పదో వారంలో కిటికీ వచ్చింది. ఓడ కిటికీ మైకా రేకుతో చేసినదనీ, దాని మూలన ఆవగింజలో సగమంత మచ్చ ఉందనీ, ఏరినవాళ్ళ కంట అది పడలేదనీ చదువులక్క చదివింది. పైనున్న చలికి ఆ మచ్చ నుంచి ఒక గీత బయలుదేరింది. రోజుకు వెంట్రుకవాసి సాగుతోంది. మేస్త్రీ దాన్ని చూడలేదు, విన్నాడు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించి, చల్లబడకుండా కాస్తూ కూర్చున్నాడు. భాగం అక్కడ ముగిసింది.

షెడ్డులో కత్తెరల చప్పుడు కూడా లేదు. విడవలూరు ఆమె మెల్లగా అడిగింది. "ఆ రేకు ఏరిందెవురు?"

వెనక వరుసలోంచి జవాబొచ్చింది. "ఎవురో మనట్టాంటిదే."

నేను రాసుకోవలసింది రాసుకున్నాను. మైకా అంత పెద్ద కిటికీకి పనికిరాదు, ఓడ లోపలి గాలి ఒత్తిడికి ఆగదు. అయితే ఉపగ్రహాల్లో వికిరణాన్ని కొలిచే గొట్టాలకు పలుచని మైకా కిటికీలుంటాయని నేనే ఒక శాస్త్ర పత్రికలో చదివాను. సోమవారం అన్నాల వేళ ఈ సంగతి చెప్పాను.

"అయితే మన రేకు పైకి పోతాదా సారూ?" అని అడిగారు.

"పోదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు," అన్నాను.

జాగ్రత్తగా మాట్లాడానని అనుకున్నాను. సాయంత్రానికి అది, పోతాదని సారే చెప్పినాడు, అయింది.

మూడు వారాలు గడిచాక మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. ముందు తూకాల పుస్తకం తెరిచి ఉంది.

"ఏందయ్యా ఇది? మొదటి రకం వారం వారం దిగిపోతా ఉండాది. రెండో రకం పెరిగిపోతా ఉండాది. దిమ్మలు అవే, మనుషులు వాళ్ళే."

"కారణం చూస్తాను సార్."

"నాకు తెలస్తానే ఉండాది. ఆ ఆకాశం కత ఇని ఇని చేతిలో ఏముండాదో చూడ్డంలా. శనివారానికి రిపోర్టు రాసియ్యి. చదువువల్లే అయితే చదువు ఆపేస్తా. ఆమె తట్ట ఆమె నింపుకుంటాది."

నింపుకోలేదని ఇద్దరికీ తెలుసు.

ఊహ కంటే కొలత మేలని, రెండో రకం పెట్టెలోంచి ఇరవై రేకులు తీశాను. మునుపైతే మొదటి రకంలోకి వెళ్ళేవే అవి. మామూలు కంటికి స్వచ్ఛంగా ఉన్నాయి. మా దగ్గర బ్యాటరీతో నడిచే ఒక తీగచుట్ట ఉండేది. దాని రెండు మొనల మధ్య రేకు పెడితే, లోపమున్న చోట నిప్పురవ్వ రేకును దాటుతుంది. ఇరవై రేకుల్లో పదిహేడింట రవ్వ దూకింది. అప్పుడు పాత పెట్టెలోంచి, నేను చూసి సరేనన్న మొదటి రకం రేకులు ఇరవై తీశాను. ఐదింట దూకింది. ఆ ఐదింటినీ భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాను. మచ్చలున్నాయి. ఆవగింజలో సగం కూడా లేవు.

కథ వాళ్ళ చూపును చెడగొట్టలేదు. తమ చేతిలోంచి వెళ్ళిన రేకు వెనక ఎవరో అరచెయ్యి ఆనించి కూర్చున్నాడని నమ్మినవాళ్ళు, నాకంటే కఠినంగా ఏరుతున్నారు.

రిపోర్టుకు ఆధారంగా పదో భాగం ప్రతిని జతచేయాలనిపించింది. శుక్రవారం సాయంత్రం నెల్లూరులో దిగి, పఠన మందిరంలో ఆ వారపత్రిక సంచికలు తీయించాను. పదో భాగంలో కిటికీ గాజుది. అంగారక జీవులు రాళ్ళతో దాన్ని పగలగొడితే నాయకుడు తుపాకీ తీసి అందరినీ కాల్చాడు. మేస్త్రీ కోసం వెతికాను. లేడు. ఐదో భాగంలో మర లేదు, ఎనిమిదో భాగంలో చారు లేదు. వంటామె పేరు మూడో భాగం తరువాత రానేలేదు, ఆమెతో పాటు, మొదటి భాగంలో పేరుకు ఓడ ఎక్కిన మేస్త్రీ, ఇంకొకడూ మాయమయ్యారు. మొదటి మూడు భాగాలు మాత్రం షెడ్డులో విన్నట్టే, తప్పులతో సహా ఉన్నాయి. పదకొండో భాగం చివర సమాప్తం అని వేశారు. అది వచ్చి రెండు వారాలైంది. షెడ్డులో ఓడ తిరుగుప్రయాణంలో ఇంకా దారిలోనే ఉంది.

ప్రతి మాటనూ పరీక్షించే అలవాటున్న నేను, అన్నిటికంటే ముందు పరీక్షించవలసిన దాన్ని పదమూడు వారాలు వదిలేశాను. ఆమె చదువుతున్నది ఆమె చేతిలోని పేజీలో ఉందా అని ఒక్కసారి తొంగిచూడలేదు. రెండు శనివారాలుగా ఆమె చేతిలో ఒకే ముఖచిత్రం ఉన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మరునాడు పని మొదలుకాకముందు చదువులక్క నీళ్ళ తొట్టి దగ్గర గిన్నె కడుగుతోంది.

"అమ్మా, నిన్న నెల్లూరులో ఆ పత్రిక చూశాను."

గిన్నె కింద పెట్టింది. "ఎన్ని చూసినారు?"

"అన్నీ."

"అయితే అయిపోయిందని కూడా చూసినారు."

"ఎందుకిలా చేశారు?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. భయపడుతుందనుకున్నాను. కోపంగా ఉంది, నా మీద కాదు.

"ఆ రాసినాయన ఏడుగుర్ని ఎక్కించినాడు సారూ. ముగ్గుర్ని మర్చిపోయినాడు. వాళ్ళు తిన్నారా, పండుకున్నారా, ఒక్క మాట లేదు. వచ్చే వారం రాస్తాడేమోలే అని చూసినా. రాయలా. వీళ్ళేమో వంటామె ఏమైంది అక్కా అని పీకతా ఉండారు. ఏమని చెప్పేది? ఆయప్ప మర్చిపోయినాడు, మనమూ మర్చిపోదామనా?"

"మరి ఆ మేస్త్రీ?"

"ఆయన మా నాయన. కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. చెవి పెట్టి ఇని, యాడ చెడిందో చెప్పేసేవాడు."

"కిటికీ గాజుది కదా అందులో."

"గాజంటే వీళ్ళకేం తెలుసు సారూ? మైకా అంటే చేతికి తెలుసు."

రెండేళ్ళలో నేను రాసిన తనిఖీ నివేదికలన్నిటిలోనూ అంత నిక్కచ్చి వాక్యం లేదు.

"రిపోర్టులో రాస్తారా?" అని ఆవిడే అడిగింది.

"ఉన్నది రాయాలమ్మా. అడిగితే లేదని చెప్పలేను."

"రాయండి. ఒక్కటే అడగతా. వాళ్ళింకా పైనే ఉండారు. ఎక్కించినోళ్ళను దించాల గదా? మూడు శనివారాలు చాలు. తర్వాత నన్ను ఏం చేసినా సరే."

రిపోర్టులో కొలిచినంతవరకే రాశాను. మొదటి రకం తగ్గలేదు, ఇంతకుముందు మొదటి రకమని మనం పంపినవాటిలో కొన్ని మొదటి రకం కావు. మేనేజరు రెండుసార్లు చదివాడు. కిందటేడు మచ్చలున్నాయని రెండు పెట్టెలు తిరిగొచ్చిన సంగతి ఆయనకు గుర్తుంది. ముఖం మీదే కనిపించింది.

"ఇదంతా ఆ కతవల్లనా?"

"అవును సార్."

"అచ్చులో ఉండాదా ఆ కిటికీ సంగతి?"

ఆ ప్రశ్న వస్తుందనే అనుకున్నాను. "లేదు సార్. ఆమె కల్పించింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే ఆపేయాల్సిందే. కత మంచిదే కావచ్చు. ఈ పొద్దు కత చెప్పనిస్తే రేపు ఇంకోటి చెప్తారు, ఎల్లుండి అందరూ చెప్తారు. అచ్చులో లేనిది షెడ్డులో పనికిరాదు."

గది మూలన, పాత పంచె కప్పి, సైక్లోస్టైల్ యంత్రం ఉంది. పెట్టెల మీద అంటించే చీటీలు దాని మీదే తీసేవాళ్ళం.

"సైక్లోస్టైల్ అచ్చు కిందికి వస్తుందా సార్?"

"రాక? మన చీటీలన్నీ ఏంది మరి, అచ్చు కాక..." అంటూనే ఆయన ఆగాడు. నన్ను చూశాడు, యంత్రాన్ని చూశాడు. "చదువుకున్నోళ్ళతో ఇదే తంటా. సరే. నువ్వు రాసి, నువ్వు సంతకం పెట్టిందే చదవాల. కాయితానికీ చదివేదానికీ ఒక్క మాట తేడా వచ్చినా అదే ఆఖరు. మళ్ళా నన్ను అడగొద్దు."

ఆ శనివారం చదువులక్క వంటల శీర్షిక చదివింది. ముప్పైమందీ ఆమెను కొరకొరా చూస్తూ విన్నారు.

తరువాతి మూడు వారాలు అన్నాల వేళ ఆవిడ చెప్పేది, నేను సైక్లోస్టైల్‌కు తగిలించే మైనపు కాగితం, స్టెన్సిల్ మీద రాసేవాణ్ణి. కథ చెప్పడం గురించి నాకు తెలిసిందంతా ఆ రోజుల్లో నేర్చుకున్నదే. ఓడ భూమి గాలిలోకి దిగేటప్పుడు రాపిడికి ఎర్రగా కాలుతుందని చెబితే ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఇది బాగుండాదే! ఇది నాకు తెలీకుండా పాయ," అంది. ఆ ఉత్సాహంలో నేను రాపిడి గురించి సగం పేజీ రాశాను. ఆవిడ విని తల అడ్డంగా ఊపింది.

"ఇది పాఠం సారూ. ఎవురూ అడక్కుండానే చెప్తా ఉండారు. వంటామెకు కాళ్ళు కాలనీండి, అప్పుడు అడగతాది, అప్పుడు చెప్దాం. రెండు ముక్కల్లో."

రెండు ముక్కల్లో చెప్పాం. అంతా సరిపోయింది. ఇప్పుడు టీవీ ధారావాహికల్లో ఎవరూ అడగని ప్రశ్నలకు శాస్త్రవేత్త పాత్ర పొడుగాటి జవాబులిస్తుంటే, వంటామె కాళ్ళు ఇంకా కాలలేదు అనుకుంటాను.

పేచీ వచ్చింది మేస్త్రీ దగ్గర. అన్ని వారాలు అంత చల్లని రేకు మీద చెయ్యి ఆనించిన మనిషి బతకడని నేనన్నాను. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆవిడ ఆ అంకెల వంక చాలాసేపు చూసింది.

"లెక్క అట్నే చెప్తాదా?"

"అలాగే చెబుతుంది."

"అయితే రాయండి," అంది. ఆ రోజు మిగిలిన అన్నం తినలేదు.

చివరి పేజీలో నేను రాసింది ఇది: ఆరుగురు దిగారు. ఏడో మనిషి చెయ్యి కిటికీ మీదే ఉంది. సంతకం పెట్టాను.

ఆఖరి శనివారం మేనేజరు కూడా వచ్చి తలుపు దగ్గర నా పక్కన నిలబడ్డాడు. నా చేతిలో ఒక ప్రతి, ఆవిడ చేతిలో ఒక ప్రతి. ఓడ ఎర్రగా కాలుతూ వచ్చి, సముద్రంలో దిగి, అలల మీద మెల్లగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అప్పటికి ఏ కత్తెరా ఆడటంలేదు. మేనేజరు వాటివైపు చూడనైనా లేదు. ఒక్కొక్కరే దిగుతున్నారు. విడవలూరు ఆమె వేళ్ళు మడుస్తోంది. నాయకుడు, వంటామె, మర సగం బిగించినవాడు. ఆరో వేలు మడిచి తలెత్తి చూసింది.

చదువులక్క కాగితం వంక చూసింది. తరువాత వరుసల వంక చూసింది. మళ్ళీ కళ్ళు కాగితం మీదికి దించి, ఏ తడబాటూ లేని ఆ చదివే గొంతుతోనే కొనసాగించింది.

"ఏడో మనిషి దిగడం ఆలస్యమైంది. ఆయన అరచెయ్యి రేకుకు అంటుకుపోయి ఉంది. వంటామె వెనక్కి ఎక్కి, మిగిలిన చారు వెచ్చబెట్టి, వేళ్ళ మీద కొంచెం కొంచెంగా పోసింది. ఒక్కొక్క వేలూ వదిలింది. బొటనవేలు మాత్రం మళ్ళీ వంగలేదు. 'దానికేముంది, చెవులు బాగానే ఉన్నాయి' అంటూ మేస్త్రీ దిగాడు."

విడవలూరు ఆమె ఏడో వేలు మడిచింది. నేను నా చేతిలోని ప్రతిని చూస్తున్నాను. మేనేజరు నా చెవి దగ్గరకు వంగాడు.

"కాయితంలో అట్నే ఉండాదా?"

"ఉంది సార్," అన్నాను.

ఆయన తల ఊపాడు. "వచ్చే వారానికి ఏం రాస్తుండారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గదికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను ఎక్కవలసిన బస్సు ఎక్కలేదు. ముందు నా లెక్క తీసి మళ్ళీ చూశాను. రేకు బయటి చలిని వేశాను గాని, ఓడ లోపలి వెచ్చదనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఏడుగురు మనుషులు వండుకుని తిని తిరుగుతున్న గది అది. ఆ వేడిని కలిపి మళ్ళీ వేస్తే మనిషి బతుకుతాడు. చెయ్యి దెబ్బతింటుంది, అంతే. మేనేజరుతో నేనన్న మాట మాత్రం ఇంకా అబద్ధంగానే ఉంది. కొత్త స్టెన్సిల్ తీసి, చివరి పేజీ మళ్ళీ రాసి, సిరా రాసి ప్రతులు తీసి, పాత పేజీలు చింపేసి, కొత్తదాని కింద సంతకం పెట్టాను. బొటనవేలి సంగతి ఆవిడ చదివినట్టే, ఒక్క మాట కూడా తేడా లేకుండా ఉంచాను.